గోలక్‌నాథ్ కేసులో ఆ కుటుంబానికి భూమి దక్కలేదు

జస్టిస్ కోకా సుబ్బారావు గురించి ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. మా గ్రూపులోకీ వచ్చింది. "రాష్ట్రపతి పదవి మీద ఆశతో గోలక్‌నాథ్ తీర్పు రాశారు, భూస్వాముల భూములు కాపాడారు, ఆ తీర్పునూ ఆరేళ్లకే కొట్టేశారు, ఇక ఆయన వల్ల మిగిలిందేంటి?" అన్నది దాని సారం. రాజమండ్రిలో పుట్టి, భారత ప్రధాన న్యాయమూర్తి అయిన తొలి తెలుగువాడి గురించి ఇది చదివి ఊరుకోలేకపోయాను.

ముందు భూముల సంగతి. జలంధర్‌లో గోలక్‌నాథ్ కుటుంబానికి 500 ఎకరాల పైనే ఉండేది. పంజాబ్ భూచట్టం ప్రకారం తలా 30 ఎకరాలు ఉంచి, మిగులు తీసుకుంటామంది ప్రభుత్వం. దాని మీద ఆ కుటుంబం సుప్రీంకోర్టులో పిటిషన్ వేసింది. 1967 ఫిబ్రవరి 27న పదకొండు మంది జడ్జీల బెంచ్ 6-5తో, ఇకపై ప్రాథమిక హక్కులను తగ్గించేలా రాజ్యాంగాన్ని సవరించే అధికారం పార్లమెంటుకు లేదని చెప్పింది. 'ఇకపై' అన్న మాటే కీలకం. అప్పటికే చేసిన సవరణలను, వాటి అండతో నడిచిన భూసంస్కరణలను సుబ్బారావు కదపలేదు. వాటిని తిరగదోడితే దేశం అల్లకల్లోలమవుతుందని ఆయనకు తెలుసు. అందుకే పిటిషన్ కొట్టేశారు. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఆ మెసేజ్‌లో సగం నిలబడదు.

ఆ తీర్పును ఆరేళ్లకే కొట్టేశారన్నది నిజమే. 1973లో కేశవానంద భారతి కేసులో పదమూడు మంది జడ్జీలు గోలక్‌నాథ్‌ను పక్కనపెట్టారు. కానీ పార్లమెంటుకు హద్దే లేదని మాత్రం అనలేదు. రాజ్యాంగాన్ని సవరించొచ్చు గానీ దాని మౌలిక స్వరూపాన్ని, అంటే దానికి ఆధారమైన మూల లక్షణాలను, ముట్టుకోవద్దని 7-6తో తేల్చారు.

ఇక పదవి ఆశ. ఆయన రిటైర్మెంట్‌కు మూడు నెలల ముందు, ఏప్రిల్‌లో రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీ చేసి జాకీర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. తీర్పు వచ్చిన ఆరు వారాలకే అలా దిగడం నాకూ నచ్చదు, దాన్ని సమర్థించను. అయితే తీర్పు ఆ ఆశతోనే పుట్టిందనడం అన్యాయం. హక్కుల మీద ఆయన పట్టు అంతకు చాలా ముందే కనిపిస్తుంది.

1962 నాటి ఖరక్ సింగ్ కేసు చూడండి. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్‌ను దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక 1941లో వదిలేశారు. అయినా హిస్టరీ షీట్ (పోలీసులు నిఘా పెట్టే వ్యక్తుల మీద ఉంచే రికార్డు) తెరిచారు. పోలీసులు రాత్రిళ్లు వచ్చి, తలుపు కొట్టి, నిద్రలేపి, ఉన్నాడో లేడో చూసుకుని పోయేవారు. మెజారిటీ జడ్జీలు ఆ రాత్రి తనిఖీల వరకు చెల్లవన్నారు, కానీ గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నారు. సుబ్బారావు, జస్టిస్ షాతో కలిసి విడిగా రాశారు: గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో భాగమే, ఆ నిఘా మొత్తం చెల్లదని. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పినప్పుడు, ఖరక్ సింగ్ కేసులో సరైన మాట ఆ ఇద్దరిదేనని ఒప్పుకున్నారు.