బోడోలాండ్: భాష గెలిచింది, నేల ఇంకా తేలలేదు

2013 జూలై 30న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తెలంగాణకు ఒప్పుకోగానే హైదరాబాద్‌లో బాణసంచా మోగింది. కొద్ది రోజులకే అస్సాంలోని కోక్రాఝార్ ప్రాంతంలో కుర్రాళ్లు రైలు పట్టాల మీద కూర్చున్నారు. తెలంగాణ ఇస్తే, బోడో గిరిజనులు కోరే ప్రత్యేక రాష్ట్రం బోడోలాండ్ ఎందుకివ్వరని వాళ్ల ప్రశ్న. ఆ ప్రశ్న వెనక అప్పటికే 46 ఏళ్ల విద్యార్థి ఉద్యమం ఉంది.

ఆల్ బోడో స్టూడెంట్స్ యూనియన్ 1967లో పుట్టింది. బోడో ఉద్యమం అంటే చాలామందికి బంద్‌లు, బాంబులే గుర్తొస్తాయి. నాకు మాత్రం ఒకటో తరగతి వాచకం గుర్తొస్తుంది. 1963లో ప్రాథమిక బడుల్లో బోడో మాధ్యమం మొదలైనప్పుడు ఆ వాచకం అస్సామీ లిపిలో ఉండేది. 1974లో బోడో సాహిత్య సభ రోమన్ లిపిలో కొత్త వాచకం వేసి బడుల్లో పెట్టింది. ప్రభుత్వం గ్రాంట్లు ఆపేసింది. జనం రోడ్డెక్కారు, కాల్పులు జరిగాయి, పదిమందికి పైగా చనిపోయారు. చివరికి 1975లో దేవనాగరి దగ్గర రాజీ కుదిరింది. పుష్కరం తిరిగేసరికి మూడు లిపులు! ఒకే ఇంట్లో అన్న దిద్దిన అక్షరాలు తమ్ముడికి పనికిరాని రోజులవి.

1985లో కుదిరిన అస్సాం ఒప్పందం అస్సామీల గుర్తింపుకు రక్షణ ఇస్తామంది. మరి మేమెవరం అని బోడో యువకులు అడిగారు. 1987 మార్చి 2న ఉపేంద్రనాథ్ బ్రహ్మ నాయకత్వంలో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం మొదలైంది. అస్సాంను సగానికి సగం పంచమన్నారు. బ్రహ్మ 1990లో, 34 ఏళ్లకే కన్నుమూశారు. బోడోలు ఆయన్ని 'బోడోఫా' అంటారు, బోడోల తండ్రి అని.

ఆ తర్వాత 1993, 2003, 2020లలో మూడు ఒప్పందాలు జరిగాయి. స్వయంపాలన మండలి వచ్చింది, రాష్ట్రం రాలేదు. భాష సంగతి వేరు. 2003 నాటి 92వ రాజ్యాంగ సవరణతో బోడో ఎనిమిదో షెడ్యూల్‌కెక్కింది, అంటే రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితాలో చేరింది. 2020లో అస్సాంలో సహ అధికార భాష అయింది. ఈ తేడాకు కారణం ఆ నేలలోనే ఉంది. ఆ ప్రాంత జనాభాలో బోడోలు సగం కూడా లేరు. కానీ మండలికి ఎన్నికయ్యే 40 స్థానాల్లో 30 గిరిజనులవే. 1996, 1998లలో బోడోలకూ సంతాల్ ఆదివాసులకూ మధ్య నెత్తురు పారింది. 2012లో బోడోలకూ బెంగాలీ ముస్లింలకూ మధ్య ఘర్షణల్లో నాలుగు లక్షల మందికి పైగా ఇల్లూ వాకిలీ వదిలారు.

మన దగ్గరి గోండిని చూడండి. 2011 జనగణనలో బోడో మాట్లాడేవారు 14.8 లక్షలు, గోండి మాట్లాడేవారు 29 లక్షల పైనే. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో సొంత లిపి రాతప్రతులు దొరికాయి. అయినా గోండి షెడ్యూల్ బయటే ఉంది. బోడోలకు ఊరూరా విద్యార్థి సంఘం ఉంది. గోండులేమో నాలుగైదు రాష్ట్రాల మధ్య చీలిపోయి ఉన్నారు.

బోడోను షెడ్యూల్లో చేర్చిన సవరణే సంతాలీనీ చేర్చింది. కోక్రాఝార్‌లో కొట్టుకున్న ఇద్దరికీ ఒకే కాగితం మీద గుర్తింపు దక్కింది. సొంత భాషలో వాచకం లేని బడి ఎలా ఉంటుందో బోడో విద్యార్థి సంఘానికి ఎవరూ చెప్పక్కర్లేదు. తన ఇలాకాలో చదువుకునే సంతాల్ పిల్లల వాచకం కోసం కూడా ఆ సంఘమే ముందు నిలబడి మండలిని నిలదీయాలి.