మా కారు మాకు దొరికింది, దయచేసి మమ్మల్ని ఓదార్చకండి

ఈ ఉదయం లిఫ్టులో విన్న మాట మధ్యాహ్నమైనా నా చెవుల్లోంచి పోలేదు. మూడో అంతస్తులో ఉండే అంకుల్ నన్ను చూడగానే "ఏమ్మా, కారు దొరికిందట కదా!" అన్నారు. సంతోషంగా అవునన్నాను. "అయ్యో, దొరక్కపోయి ఉంటేనే బాగుండేదమ్మా, హాయిగా ఇన్సూరెన్సు డబ్బులొచ్చేవి" అని సానుభూతిగా నా భుజం తట్టి, కింద తలుపు తెరుచుకోగానే వెళ్లిపోయారు. జవాబు చెప్పే వ్యవధి కూడా నాకు దొరకలేదు. ఈ వారంలో ఈ మాట అన్నవాళ్లలో ఆయన నాలుగో మనిషి. పోయిన వస్తువు తిరిగి ఇల్లు చేరితే "మంచిదైంది" అనే రెండు ముక్కలు మనవాళ్ల నోట ఎందుకు రావడం లేదో నాకు అర్థం కావడం లేదు. లిఫ్టులో చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

అది 2009లో మా నాన్న ఉద్యోగ విరమణ చేసిన నెలలో కొన్న మారుతి 800. మరుసటి ఏడాది ఏప్రిల్ నుంచి కొత్త కాలుష్య ప్రమాణాల వల్ల హైదరాబాద్ వంటి పెద్ద నగరాల్లో ఆ బండి అమ్మకం ఆగిపోయింది, 2014 జనవరిలో దాని తయారీయే ఆగిపోయింది. ఇక కొత్తది దొరకదని తెలిసినప్పటి నుంచి నాన్న దాన్ని మరింత జాగ్రత్తగా చూసుకున్నారు. పదిహేనేళ్లు నిండినప్పుడు బండిని చూపించి, గ్రీన్ ట్యాక్సు కట్టి, మరో ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకొచ్చిన రోజున ఇంట్లో పాయసం చేయించారు. ఆ తరువాత ఎనిమిది నెలలకే ఆయన వెళ్లిపోయారు. ఆర్‌సీని అమ్మ పేరుకు మార్పించాము గానీ, ఫాస్టాగ్‌కు ఇచ్చిన ఫోను నంబరు మాత్రం నాన్నదే ఉండిపోయింది. అమ్మ ఆ ఫోనుకు ఈనాటికీ రీచార్జి చేయిస్తూ, రాత్రిపూట తన తలగడ పక్కనే పెట్టుకుని పడుకుంటుంది.

దొంగతనం సంగతి మాకు తెలిసింది కూడా ఆ ఫోను వల్లనే. తెల్లవారుజామున ఐదింటికి అమ్మ నా గదిలోకి వచ్చి, "ఏమే, రాత్రి చెప్పాపెట్టకుండా ఎక్కడికి వెళ్లొచ్చావు?" అని అడిగింది. నేనింకా దుప్పటి ముసుగులోనే ఉన్నాను. రెండు గంటల పదిహేడు నిమిషాలకు పంతంగి టోల్‌గేటు దగ్గర, మూడు దాటాక కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గర డబ్బులు కోసుకున్నట్లు నాన్న ఫోనులో వరుసగా రెండు మెసేజీలున్నాయి. కిటికీలోంచి చూస్తే వీధిలో కారు నిలిపే చోట నూనె మరక మాత్రమే కనిపించింది. విజయవాడ దారిలో ఆ తరువాత రావలసిన చిల్లకల్లు టోల్‌గేటు మెసేజీ ఎంతసేపు చూసినా రాలేదు. కారు సూర్యాపేట, కోదాడల మధ్యనే ఎక్కడో ఆగి ఉంటుందని అమ్మ అక్కడికక్కడే లెక్క తేల్చింది. పోలీస్ స్టేషనులో భారతీయ న్యాయ సంహిత 303(2) కింద ఎఫ్‌ఐఆర్ రాస్తున్నప్పుడు ఆ రెండు మెసేజీలు చూపించి అదే మాట చెప్పింది. మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోను వచ్చింది. కారు సరిగ్గా అమ్మ చెప్పిన జాగాలోనే, సూర్యాపేట దాటాక హైవేకు లోపలగా ఉన్న ఒక ఊళ్లో దొరికింది.

దొరికిన తీరు చెప్పకుండా ముందుకు పోలేను. మా కారుకు ఒక గుణం ఉంది. ఇంజను వేడి మీద ఉండగా ఆపితే అరగంట దాకా దానికి సెల్ఫ్ పట్టదు. నాన్నకు అది తెలుసు కాబట్టి దూరప్రయాణంలో ఎక్కడ ఆపినా తాపీగా టీ తాగి, పేపరు పూర్తిగా చదివి గాని తాళం తిప్పేవారు కాదు. దొంగలకు ఆ సంగతి తెలియదు. ఊరి చివర దొడ్డి పక్కన ఇంజను ఆపి, నాలుగు మేకలను వెనక సీటులోకి కుక్కి, ఒక మేకపిల్లను ముందు సీటు దగ్గర కాళ్లు పెట్టుకునే చోట పడుకోబెట్టి తాళం తిప్పితే బండి కదలలేదు. మళ్లీ తిప్పారు, మళ్లీ మళ్లీ తిప్పారు. స్టీరియోలో నాన్న పెట్టిన పెన్‌డ్రైవ్ మూడేళ్లుగా ఇరుక్కుపోయి ఉంది, అది పైకి రాదు. తాళం తిప్పిన ప్రతిసారీ పౌరాణిక నాటక పద్యం ఒకటి మొదటి నుంచి అందుకుని, మోటారు గుర్రుమనగానే ఆగిపోయేది. లోపల మేకల అరుపులు, బయట కుక్కల మొరుగుడు, మధ్యమధ్య హార్మోనియంతో రాగం. "ఊళ్లో నాటకమాడుతున్నరేమో అనుకొని లేచి వచ్చినం" అని అక్కడి రైతు ఒకాయన మాకు చెప్పారు. జనం లైట్లు పట్టుకుని రావడం చూసి ముగ్గురు దొంగలు కారును బురదలోకి నెట్టి పొలాలకు అడ్డంపడి పారిపోయారు. ఊరివాళ్లు 100కు ఫోను చేస్తే పావుగంటలో పోలీసులు వచ్చారు.

సాయంత్రం ఆ స్టేషనులో హెడ్ కానిస్టేబుల్ గారు పంచనామా చదివి వినిపించారు. "మారుతి 800 కారు ఒకటి, మేకలు నాలుగు, మేకపిల్ల ఒకటి, కళ్లజోడు ఒకటి, బాగోతం పాటలు వచ్చు పెన్‌డ్రైవ్ ఒకటి, ఊడి రానిది." ఆ "ఊడి రానిది" దగ్గర మా అమ్మ నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లవెంట నీళ్లు కారేదాకా నవ్వింది. నాన్న పోయాక ఏడాదిన్నరగా ఆమె నవ్వగా నేను చూడలేదు. హెడ్ కానిస్టేబుల్ గారు కూడా నవ్వి, సొరుగులోంచి నాన్న కళ్లజోడు తీసి, కాగితంలో చుట్టి అమ్మ చేతిలో పెట్టారు. అద్దం పగిలిన వైపు వాన జల్లు పడకుండా కారుకు టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టింది ఆయనే. మేకలకు స్టేషను వెనక తుమ్మకొమ్మలు కొట్టించి వేసింది కూడా ఆయనే. ఏ ఉద్యోగ నిబంధనలోనూ ఉండని పనులివి. ఆ మనిషికి నేను చేతులెత్తి నమస్కరించాను, ఇప్పుడు మళ్లీ నమస్కరిస్తున్నాను.

మేకలు ఒక ఒంటరి ఆడమనిషివి. ఆమె స్టేషను అరుగు మీద పొద్దున్నుంచి కూర్చునే ఉంది. మేము కారు మనుషులమని తెలియగానే వచ్చి అమ్మ రెండు చేతులూ పట్టుకుని, "నీ బండి ఆగకపోతే నా మ్యాకలు పొయ్యేటియి గదక్కా" అంది. నాలుగు మేకలు, ఒక పిల్ల, ఆమెకు ఉన్నవి అవే. ఒక్కో మేక పదివేలకు తక్కువ పలకదు. అంకుల్ గారూ, కారు దొరక్కుండా ఉంటే బాగుండేదని మీరు అన్నప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ చేతులు. మా కారు దొరక్కుండా పోవాలంటే దానికి ఆ రాత్రి సెల్ఫ్ పట్టాలి. సెల్ఫ్ పడితే వెనక సీటులో ఉన్న ఆమె బతుకు కూడా తెల్లారేసరికి ఏదో ఒక సంత చేరేది. మాకు వచ్చే ఇన్సూరెన్సు డబ్బు ఆమెకు తిరిగొచ్చేదా?

ఆ డబ్బు సంగతి కూడా చెప్పుకుందాం. ఐదేళ్లు దాటిన బండికి ఎంత విలువ కట్టాలన్నది కంపెనీ, యజమాని కలిసి ఒప్పుకునే మాట. మా పాలసీలో రాసిన అంకె 45,000 రూపాయలు. ఆ మొత్తం చేతికి రావాలంటే ఎఫ్‌ఐఆర్ ఒక్కటే చాలదు. రెండు తాళంచెవులూ అప్పగించాలి, వాహనం ఆచూకీ దొరకలేదని పోలీసులు ఇచ్చే తుది నివేదిక కోసం నెలల తరబడి ఎదురుచూడాలి, ఆర్‌సీని వదులుకుంటూ సంతకాలు పెట్టాలి. ఆఫీసుల చుట్టూ అరవై ఎనిమిదేళ్ల మా అమ్మ తిరగడాన్ని "హాయి" అంటున్నవాళ్లకు ఆ తిరుగుడు ఎలాంటిదో తెలియదని నేను గట్టిగా చెప్పగలను.

కారు ఇంటికి రావడానికి మాకూ పందొమ్మిది రోజులు పట్టింది. కోర్టులో అమ్మ పేరున అర్జీ పెట్టి, ఆర్‌సీ, పాలసీ చూపించి, పిలిచినప్పుడు బండిని హాజరుపరుస్తామని పూచీకత్తు రాసి ఇచ్చాము. స్వాధీనం చేసుకున్న వాహనాలను ఏళ్ల తరబడి స్టేషన్లలో ఉంచవద్దని, ఫొటోలు తీసి, పంచనామా రాసి, పూచీకత్తు మీద యజమానులకు ఇచ్చేయాలని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత 497వ సెక్షన్ అయితే వస్తువు కోర్టు ముందుకు వచ్చిన పద్నాలుగు రోజుల్లో దాని వివరాల పత్రం తయారు చేయాలని, ఆపైన ముప్పై రోజుల్లో దాన్ని ఏం చేయాలో తేల్చాలని గడువు కూడా పెట్టింది. అయినా ఆ స్టేషను ఆవరణలో గోడ వెంట నిలబడి ఉన్న బళ్లను చూస్తే కడుపు తరుక్కుపోయింది. ఒక కారు బానెట్ సందులోంచి వేపమొక్క నా భుజం ఎత్తున పెరిగింది. ఒక స్కూటీ ముందు భాగం మీద ఎవరో పాప అతికించిన సీతాకోకచిలుక స్టిక్కరు వెలిసిపోయి, రెక్కల గీతలు మాత్రం మిగిలాయి. అవన్నీ ఒకప్పుడు దొరికిన బళ్లే, ఇల్లు మాత్రం చేరలేదు. మాది చేరింది. ఆ గోడ వెంట నడిచి, మా కారు తలుపు తెరిచిన నన్ను పట్టుకుని "అయ్యో" అంటే నేను ఎలా ఊరుకోవాలి?

నిజానికి నా కోపం ఈ ఉదయం మొదలైంది కాదు. నాన్న పెద్దకర్మ రోజున, విస్తళ్లు ఇంకా ఎత్తకముందే, దగ్గరి బంధువు ఒకాయన వాకిట్లో కారు చుట్టూ తిరిగి, టైరును కాలితో తన్ని చూసి, "ఈ డబ్బాను తుక్కుకు ఎంతకిస్తారో కనుక్కోనా?" అని నన్ను అడిగాడు. అమ్మ లోపల తలుపు పక్కనే ఉంది, ఆమెకు వినపడింది. ఆ రోజు నేను మర్యాదకు పోయి ఊరుకున్నాను, ఆ ఊరుకోవడం ఇప్పటికీ నన్ను కోస్తూనే ఉంది. బతికున్నంత కాలం ప్రతి ఆదివారం తడిగుడ్డతో ఆయన తుడిచిన బండి అది. దానికి ఎవరు ధర కట్టినా, జాలిపడినా నాకు ఆ కాలితాపే గుర్తొస్తుంది. అంకుల్ గారికి ఆ సంగతి తెలియకపోవచ్చు, చెడ్డ ఉద్దేశంతో అని ఉండకపోవచ్చు. అయినా ఎదుటి మనిషి సంతోషంగా ఉన్నప్పుడు ఆ ముఖం ఒకసారి చూసి మాట్లాడటానికి ఏమీ తెలిసి ఉండనక్కర్లేదు కదా.

మొన్న శుక్రవారం కారు తెచ్చుకున్నాము. బయలుదేరే ముందు ఆ మేకల అమ్మ ఊరికి వెళ్లి, అమ్మ ఆమెకు చీర పెట్టింది, ఆమె మాకు సీసా నిండా మేకపాలు ఇచ్చింది. వెనక సీటు రెండుసార్లు కడిగించినా మేకల వాసన పోలేదు, ఇంకొన్నాళ్లు పోదని మెకానిక్ చెప్పాడు. తిరుగు ప్రయాణంలో అమ్మ నాన్న ఫోనును ఒళ్లో పెట్టుకుని ముందు సీటులో కూర్చుంది. కొర్లపహాడ్ దాటగానే ఫోను మోగింది. తన కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చింది కాబట్టి నాన్న కళ్లజోడే పెట్టుకుని, టోల్‌గేటు పేరు, కోసుకున్న డబ్బు, సమయం పైకి చదివింది. పంతంగి దగ్గర మళ్లీ మోగింది, మళ్లీ చదివింది. "ఇంటికి వచ్చేస్తున్నాం" అని ఆ ఫోనుకే చెప్పి, తెర తుడిచి కొంగులో పెట్టుకుంది.