పాటకెక్కిన మన యాస

డిసెంబర్ వచ్చిందంటే పాటల లెక్కలు మొదలవుతాయి. ఈ ఏడాది ఏ పాట బాగుంది, ఏది వారం తిరక్కుండానే మరిచిపోయాం, దేన్ని పెళ్లి ఊరేగింపుల్లో విని విని విసిగిపోయాం అని టీ కొట్టు దగ్గర నుంచి మా డెస్కు దాకా ఒకటే ముచ్చట. సంపాదకీయంలో సినిమా పాటలేమిటని కొందరు పాఠకులు అనుకోవచ్చు. విజయనగరంలో అచ్చయ్యే పత్రికకు పాట చిన్న విషయం కాదు. 1919లో పూసపాటి విజయరామ గజపతిరాజు ఇక్కడ సంగీత కళాశాల పెట్టారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ వయొలిన్ నేర్పారు. ఎక్కడో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఘంటసాల ఈ ఊరి వీధుల్లో మధూకరం ఎత్తుకుని చదువుకున్నారు. ఇక్కడే పుట్టి, ఇక్కడే సంగీతం నేర్చుకున్న పి. సుశీలమ్మకు 2025 నవంబర్ 13న 90 ఏళ్లు నిండాయి. సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావును పక్కనపెట్టి తెలుగు సినిమా పాట చరిత్ర రాయడం ఎవరి తరమూ కాదు. ఇంత ఉన్న ఊరు ఏడాదికోసారైనా పాట ఎటు పోతోందని అడగాలి.

ఈ ఏడాది, అంటే 2025లో, మాకు అన్నిటికంటే నచ్చింది ‘తండేల్’లోని ‘హైలెస్సో హైలెస్సా’. దేవిశ్రీ ప్రసాద్ బాణీ బాగుండటం ఒక్కటే కారణం కాదు. వలను ఒడ్డుకు లాగేటప్పుడు అందరి చేతులూ ఒక్కసారే బలం పట్టాలి. ఆ అదను చెప్పే కేక హైలెస్సా. భావనపాడు, కళింగపట్నం నుంచి ఇటు మన చింతపల్లి, ముక్కాం ఒడ్డు దాకా గంగపుత్రుల నోట తరతరాలుగా ఉన్న కేక అది. తండేలు అంటే బోటుకు పెద్ద. ఆ మాట గుజరాత్ తీరంలో వాడేది. ఇక్కడ పని లేక గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి, నెలల తరబడి సముద్రం మీద వేటాడే మనుషుల బతుకు అందులో ఉంది. 2018లో అలా వెళ్లిన శ్రీకాకుళం మత్స్యకారులు పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి తిరిగొచ్చిన సంగతి మన పాఠకులకు గుర్తే ఉంటుంది. అదే సినిమాలోని ‘బుజ్జి తల్లి’ పాట కూడా వచ్చేస్తున్నానని ఇంటి మనిషిని బతిమాలుకునే పాటే. తీరంలో ఆ పాట విన్నవాళ్లకు అది నాయకుడి పాటలా వినిపించి ఉండదు. ఇంట్లోంచి వేటకెళ్లిన తమ మనిషే గుర్తొచ్చి ఉంటాడు.

‘సంక్రాంతికి వస్తున్నాం’లోని ‘గోదారి గట్టు మీద’ గురించి కొత్తగా చెప్పేదేముంది. చాలా ఏళ్ల తర్వాత రమణ గోగుల పాడారు, పక్కన మధుప్రియ జానపదపు గొంతు కలిసింది. ఇల్లు తుడుస్తూ కూడా పాడుకోగలిగిన పాట. పాడుకోగలగడం చిన్న గుణం కాదు. ఈ మధ్య వస్తున్న చాలా పాటల్ని వినగలం గానీ పాడలేం. వాటిలో పల్లవి మోత కింద ఎక్కడో ఉంటుంది. ‘కోర్ట్’లోని ప్రేమ పాట కూడా మాకు ఇందుకే నచ్చింది. గొంతు తగ్గించి, మాట వినపడేలా పాడితే జనం వింటారు.

ఇక నవంబర్‌లో ‘పెద్ది’ సినిమా నుంచి ‘చికిరి చికిరి’ వచ్చింది. ఎ.ఆర్. రెహమాన్ బాణీకి మన వైపు మాటలు. అది మొదటిసారి విన్నప్పుడు మా డెస్కులో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. సంతోషం అలా ఉంటుంది. ఆ తర్వాతే ఆలోచన మొదలైంది.

మన ఉత్తరాంధ్ర యాస ఇప్పుడు తెలుగు పాట నడిమధ్యకు వచ్చింది. ఇది ఈ ఏడాది జరిగిన పెద్ద మార్పు అని మా నమ్మకం. ఏటి, బేగి, గుంట, ఓలమ్మీ, ఎల్దామా లాంటి మాటల్ని దశాబ్దాల పాటు సినిమా ఎక్కడ వాడిందో అందరికీ తెలుసు. పనివాడి పాత్రకు, నవ్వించే పాత్రకు. నాయకుడు కృష్ణా గుంటూరు తెలుగు మాట్లాడితే, శ్రీకాకుళం తెలుగు వినగానే హాల్లో నవ్వు పుట్టాలన్నది లెక్క. హైదరాబాద్ హాస్టళ్లకు వెళ్లిన మన పిల్లలు మొదటి నెలలోనే యాస మార్చుకున్నది ఆ నవ్వుకు భయపడే. నోరు విప్పాలంటేనే టెన్షన్ పడిన పిల్లలు మా ఇళ్లల్లోనూ ఉన్నారు. ఇప్పుడు అదే యాసలో నాయకుడు ప్రేమ చెప్పుకుంటున్నాడు. రాయలసీమ పిల్లలు, తెలంగాణ పిల్లలు ఆ మాటల్ని అలాగే పలకాలని ప్రయత్నిస్తున్నారు.

ఇది ఒక్క సినిమాతో వచ్చింది కాదు. జనం మాట్లాడే తెలుగునే రాయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టినవారు. ఆయన సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ల పాటలు, కథలు సేకరించారు. అంటే మాట ఎవరిదో, పాట ఎవరిదో వాళ్ల దగ్గరికే వెళ్లి, వాళ్ల పక్కన కూర్చుని రాసుకున్నారు. ఆ తర్వాత పార్వతీపురం పక్క పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ అని కాలికి గజ్జె కట్టి పాడితే, ఆ ‘ఎల్దమొస్తవ’ను దిద్దే ధైర్యం ఎవరికీ లేకపోయింది. 2020లో ‘పలాస 1978’తో ‘నక్కిలీసు గొలుసు’ పాట రాష్ట్రాలు దాటి మోగింది. అది మన పల్లెల్లో ఎప్పటి నుంచో పాడుకుంటున్న పాటే. ఆ ఏడాదే ఆగస్టులో వంగపండు మనల్ని విడిచి వెళ్లారు. ఇవన్నీ కలిసి వేసిన బాట మీదే ఈ ఏటి పాటలు నడిచాయి.

మా సంతోషంలో ఒక వెలితి ఉంది. దాన్ని దాచుకోవడం మాకు చేతకాదు. ‘బుజ్జి తల్లి’ పాడింది జావేద్ అలీ. ‘చికిరి’ పాడింది మోహిత్ చౌహాన్. ఇద్దరూ గొప్ప గాయకులు. వాళ్ల మీద మాకు ఫిర్యాదు లేదు, భాష పరాయిదైనా ప్రాణం పెట్టి పాడారు. కానీ మన యాసలో పాట చేయాలనుకున్నప్పుడు, ఆ యాస పుట్టుకతో ఉన్న గొంతు ఒక్కటైనా ఉమ్మడి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో దొరకదా? సుశీలమ్మను ఇచ్చిన నేలలో గొంతుకు కరువొచ్చిందా? కరువు లేదు. వెతికేవాళ్లు లేరు. బొబ్బిలి, రాజాం, పాలకొండ ఊళ్లలో జముకుల కథ చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. జముకు అంటే ఒక పక్క తోలు బిగించిన చిన్న వాయిద్యం. తోలు మధ్యలోంచి వచ్చే తీగను మీటితే లోపలి నుంచి మూలుగులాంటి నాదం వస్తుంది. తీగ బిగువు పెంచుతూ తగ్గిస్తూ ఉంటే అది మాట్లాడినట్టే ఉంటుంది. ఈ శబ్దాన్ని ఇప్పుడు కంప్యూటర్‌లో ఒక మీట నొక్కి తెచ్చుకుంటున్నారు. శబ్దం దొరుకుతోంది. ఎప్పుడు బిగించాలో, కథలో ఏ మాట దగ్గర వదలాలో తెలిసిన చేయి మాత్రం అందులో దొరకదు.

తప్పెటగుళ్ల సంగతీ అంతే. గుండెల మీద వేలాడదీసుకున్న రేకు గుల్లను రెండు చేతులా వాయిస్తూ, గజ్జెల కాళ్లతో పదిహేను ఇరవై మంది ఒకేసారి గెంతుతుంటే చూసిన మనిషి మరిచిపోలేడు. మొన్న అక్టోబర్‌లో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి వచ్చిన జనంలో ఎంతమంది వాళ్ల చుట్టూ నిలబడ్డారో మేం చూశాం. అదే జనం ఊరికి వెళ్లాక గ్రామదేవత పండక్కి ఏం చేస్తున్నారు? డీజే పెడుతున్నారు. డీజే తప్పని మేం అనం, కుర్రాళ్లకు ఆడుకోవాలని ఉంటుంది. అయితే పండగ కమిటీ ఖర్చులో సౌండ్ బాక్సులదే పెద్ద వాటా అయిపోయి, కళాకారుల బృందానికి భోజనం పెట్టి, చేతిలో కాస్త పెట్టి పంపించడం మాత్రం తప్పే. ఆ డీజేలో మోగేది కూడా ఆ బృందం పాటే కావడం మరీ బాధ.

చట్టం కూడా ఇక్కడ పెద్దగా సాయం చేయదు. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణతో సినిమా పాట రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు రాయల్టీలో వదులుకోలేని వాటా వచ్చింది. మంచి మార్పు. కానీ ఆ చట్టానికి రచయిత పేరు కావాలి. నాట్లు వేస్తూ, ఊడుపుల్లో, దంపుళ్లలో పుట్టిన పాటకు రచయిత ఎవరని రాస్తాం? పదిమంది ఆడవాళ్లు ఒక్కో చరణం కలిపిన పాట అది. కాబట్టి ఆ పాట అందరిదీ, అంటే చట్టం దృష్టిలో ఎవరిదీ కాదు. స్టూడియోలో రికార్డు చేసినవాళ్లకు మాత్రం ఆ రికార్డింగ్ మీద హక్కు పుడుతుంది. నరసన్నపేట దగ్గరి గోనెపాడులో పుట్టిన గరిమెళ్ల సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్ల దొరతనము’ రాస్తే, మన దగ్గర రేడియో కూడా లేని రోజుల్లో అది ఊరూరా పాకింది. తెల్లవాళ్లు ఆయన్ను జైల్లో పెట్టారు. అంత పాట రాసిన మనిషి 1952లో మద్రాసులో పేదరికంలో కన్నుమూశారు. పేరున్న కవికే అలా జరిగితే, పేరు లేని పల్లె పాటగత్తెకు ఏం మిగులుతుంది?

పాట పొట్టిదైపోతోందన్నది ఇంకో దిగులు. రెండు చరణాల పాట ఒక చరణానికి వచ్చింది. ఆ ఒక్కటి కూడా ఫోన్లో రీల్‌కు సరిపడే నాలుగు ముక్కల కోసమే రాసినట్టుంటోంది. పల్లె పాట నడిచే తీరు దీనికి పూర్తిగా వేరు. మడి పూర్తయ్యేదాకా పాట సాగాలి, అలుపు తెలియకూడదు. అందుకే అందులో కథ ఉంటుంది, బావ ఉంటాడు, అత్త సాధింపు ఉంటుంది, సంతలో కొన్న గాజులు ఉంటాయి. అందులోంచి ఒక్క పల్లవి తుంచుకుని మిగతాది వదిలేస్తే ఆ కథ పోతుంది. మూడు నిమిషాల్లో కథ చెప్పడం కష్టమేమీ కాదు. వెనకటి సినిమా పాటలు చెప్పాయి.

2014లో కన్నుమూసిన సంగీత దర్శకుడు చక్రి గొంతును ఈ ఏడాది కృత్రిమ మేధతో మళ్లీ పాడించారు. అభిమానులు కన్నీళ్లు పెట్టుకున్నారు, అది నిజమైన ప్రేమే. కానీ పోయినవాళ్ల గొంతు తెప్పించడానికి ఇంత శ్రద్ధ పెట్టగలిగిన పరిశ్రమ, బతికున్న గొంతుల కోసం పార్వతీపురం దాకా ఒక మనిషిని పంపలేదా అన్నది మా ప్రశ్న.

మేం అడిగేది పెద్దదేమీ కాదు. ఉత్తరాంధ్ర జానపదం తీసుకున్నప్పుడు పాట పేర్ల దగ్గర ‘జానపదం’ అని ఒక్క మాట రాసి వదిలేయకండి. ఎవరి దగ్గర విన్నారో ఆ మనిషి పేరు, ఆ ఊరి పేరు వేయండి. చట్టం అడగకపోయినా పారితోషికం ఇవ్వండి. మన సంగీత కళాశాలలో వీణ, వయొలిన్, మృదంగం పక్కన జముకుకూ, తప్పెటగుళ్లకూ, తుడుముకూ చోటు ఇవ్వాలి. చదువు, సర్టిఫికెట్ లేకపోయినా ఆ కళాకారుల్నే గురువులుగా కూర్చోబెట్టాలి. చరణాలు మొత్తంగా తెలిసిన ముసలివాళ్లు ఏటా తగ్గిపోతున్నారు, వాళ్లున్నప్పుడే అన్నీ రికార్డు కావాలి. ప్రభుత్వం ఈ పనికి కొంత డబ్బు పెడితే అది వృథా ఖర్చు కాదు.

మా వంతుగా ఒక పని మొదలుపెడుతున్నాం. సంక్రాంతి నుంచి ప్రతి ఆదివారం ఈ రెండు జిల్లాల పల్లె పాట ఒకటి, చరణాలన్నిటితో అచ్చు వేస్తాం. మీ అమ్మమ్మ, మీ నాయనమ్మ, మీ ఊరి జముకు తాత పాడే పాట రాసి పంపండి. రాయడం రాకపోతే ఫోన్‌లో రికార్డు చేసి పంపినా చాలు. వెనక కోళ్ల అరుపు, మధ్యలో దగ్గు వినపడినా ఫర్వాలేదు. ఏ పనిలో పాడేవారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడిగి రాయండి. యాసను దిద్దకండి. పాడినవాళ్ల పేరు, ఊరి పేరు మాత్రం మరిచిపోకండి.