ఆ పిలగాణ్ని మళ్లీ గ్రౌండుకు పిలవండి

వరంగల్‌లో సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకో కాజీపేట రైల్వే గ్రౌండుకో సాయంత్రం పూట వెళ్లి, ఇక్కడ ఫుట్‌బాల్ బాగా ఆడేది ఎవరని అడిగి చూడండి. ఇప్పుడు ఆడుతున్న వాళ్ల పేర్లు నాలుగు చెప్పాక ఎవరో ఒకరు ఇంకో పేరు ఎత్తుతారు. "వాడుండె సార్, మస్తు ఆడుతుండె, కానీ తిక్కలోడు" అంటారు. రిఫరీ మీదికి పోయాడనో, అందరి ముందు సార్ తిట్టాడని బూట్లు విప్పి విసిరేసి ఇంటికి వెళ్లిపోయాడనో చెబుతారు. ఇప్పుడేం చేస్తున్నాడంటే ఆటో నడుపుతున్నాడనో, హైదరాబాద్‌లో ఏదో పనిలో కుదిరాడనో అంటారు. కష్టపడి బతకడంలో చిన్నతనమేమీ లేదు. కానీ అతని ఆట చూసినవాళ్లు పదేళ్లయినా ఆ పేరు మరిచిపోవడం లేదంటే, పోయింది చిన్న వస్తువేమీ కాదన్నమాట.

మస్తు ఆడుతుండె, కానీ... ఆ 'కానీ' గురించే ఈ రోజు రాస్తున్నాం.

ప్రపంచమంతటికీ తెలిసిన తిక్కలోడు ఒకడున్నాడు, మారియో బలోటెల్లి. రాత్రిళ్లు మేలుకుని యూరప్ మ్యాచ్‌లు చూసే మన కుర్రాళ్లకు అతని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం కొంచెం చెబుతాం. 1990 ఆగస్టు 12న ఇటలీలోని పలెర్మోలో, ఘనా నుంచి వలస వచ్చిన దంపతులకు పుట్టాడు. పసికందుగా ఉన్నప్పుడే పేగుల జబ్బుతో ఆపరేషన్లయ్యాయి. మూడేళ్లప్పుడు బ్రెషా ప్రాంతంలోని బలోటెల్లి కుటుంబం తీసుకెళ్లి పెంచుకుంది. ఆ దేశంలోనే పుట్టి, ఆ భాషే మాట్లాడుతూ పెరిగినా 18 ఏళ్లు నిండేదాకా అతనికి ఇటలీ పౌరసత్వం రాలేదు, అందుకే అప్పటిదాకా ఏ వయసు జాతీయ జట్టులోనూ ఆడలేకపోయాడు. ఆలోగా 15 ఏళ్లకే లుమెజ్జానె తరఫున పెద్దవాళ్ల లీగ్‌లో ఆడేశాడు, 17 ఏళ్లకే ఇంటర్ మిలాన్ మొదటి జట్టులోకి వచ్చేశాడు, 2010లో యూరప్ యువ ఆటగాళ్లకిచ్చే గోల్డెన్ బాయ్ అవార్డూ గెలిచాడు.

అతను ఎంత ఆటగాడో తెలియాలంటే 2012 జూన్ 28న వార్సాలో జరిగిన యూరో కప్ సెమీఫైనల్ ఒక్కటి చూస్తే చాలు. ఎదురుగా జర్మనీ. 20వ నిమిషంలో తలతో ఒక గోల్, 36వ నిమిషంలో పరుగెత్తుకుంటూ వెళ్లి కుడికాలితో పిడుగులాంటి ఇంకో గోల్, అది కొట్టాక షర్ట్ విప్పేసి కదలకుండా శిలలా నిలబడ్డాడు. ఇటలీ 2-1తో గెలిచింది. ఆ నిలబడిన ఫొటోనే అందరికీ గుర్తుంది గానీ, మ్యాచ్ అయ్యాక స్టాండ్ దగ్గరికి వెళ్లి, పెంచిన తల్లిని పట్టుకుని, ఈ గోల్స్ ఆమెకే అన్నది చాలామంది గమనించలేదు. మాకైతే ఆ రెండో దృశ్యమే ఎక్కువ. అప్పటికి అతని వయసు 21.

ఆ తర్వాత ఏమైంది? ఏసీ మిలాన్ క్లబ్‌కు వెళ్లి తొలి సగం సీజన్‌లో 13 లీగ్ మ్యాచ్‌ల్లో 12 గోల్స్ కొట్టాడు. 2014 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్ మీద గెలుపు గోల్ కూడా అతనిదే. ఆ ఏడాదే లివర్‌పూల్‌కు వెళ్లి 16 లీగ్ మ్యాచ్‌ల్లో ఒక్కటంటే ఒక్క గోల్ కొట్టాడు. ఇటలీ జట్టుకు మొత్తమ్మీద 36 మ్యాచ్‌లు, 14 గోల్స్. ఇంకొకరికైతే మంచి లెక్కే, వార్సాలో ఆ రాత్రి చూసినవాళ్లకు మాత్రం ఇది సగంలో ఆగిన లెక్కలాగే కనిపిస్తుంది.

పొగరుతో చెడ్డాడు అని ఒక్క మాటతో తేల్చేయడం సులువు. అతని తప్పులు చిన్నవని మేమూ అనడం లేదు. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ సిటీ క్లబ్‌లో ఉన్నప్పుడు తన క్లబ్ కుర్రాళ్ల మీదికే డార్ట్స్ (మొనదేలిన చిన్న బాణాలు) విసిరాడు, ఆవేశంలో కాలు ఊపి రెడ్ కార్డులు తెచ్చుకుని జట్టును పది మందితో వదిలేసి వెళ్లాడు, ఇంటర్‌లో ఉండగా బార్సిలోనాను ఓడించిన రాత్రి కూడా సొంత ప్రేక్షకులు ఈలలేశారని చొక్కా తీసి నేలకేసి కొట్టాడు. ఇవన్నీ అతను చేసినవే, ఎవరో చేయించినవి కావు. కానీ పక్కనున్న పెద్దలు ఏం చేశారన్నది కూడా చూడాలి కదా.

సిటీ తరఫున 2012 ఏప్రిల్ 8న ఆర్సెనల్‌తో ఆడిన మ్యాచ్‌లో రెడ్ కార్డు పడింది. ఈ సీజన్‌లో ఇక అతను ఆడకపోవచ్చని కోచ్ మాన్సినీ అందరి ముందూ చెప్పేశాడు. సరిగ్గా ఐదు వారాలకే, మే 13న, సీజన్ చివరి రోజున టైటిల్ చేజారిపోతుంటే అదే బలోటెల్లిని మైదానంలోకి దింపాడు. ఇంజురీ టైమ్‌లో అతను కింద పడిపోతూనే కాలు చాపి బంతిని తోటి ఆటగాడు అగ్వేరోకు తోశాడు, అగ్వేరో గోల్ కొట్టాడు, 44 ఏళ్ల తర్వాత సిటీకి లీగ్ టైటిల్ దక్కింది. ఆ గోల్ చూసినప్పుడల్లా మాకూ ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఆ కుర్రాడి వైపు నుంచి ఆలోచించండి. కోచ్ మాట మాట కాదని, గోల్ అవసరమైనప్పుడు ఏ శిక్షయినా చెరిగిపోతుందని, అవసరం తీరాక పాత తప్పులన్నీ మళ్లీ బయటికి తీస్తారని అతనికి అర్థమై ఉండదా? తర్వాతి జనవరికల్లా ఆ కోచ్, ఆ ఆటగాడు ప్రాక్టీస్‌లో ఒకరినొకరు పట్టుకుని తోసుకున్న ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి, నెలాఖరుకు అతను సిటీ వదిలిపోయాడు.

మన దగ్గరా అచ్చం ఇదే జరుగుతుంది. లీగ్ మ్యాచ్‌లో నోరు జారాడని పిలగాణ్ని టీమ్‌లోంచి తీసేస్తారు, ఫైనల్‌కు ముందు రోజు రాత్రి ఇంటికి మనిషిని పంపి బతిమాలి తెచ్చుకుంటారు, కప్పు చేతికి వచ్చాక మళ్లీ నీ పద్ధతి బాగాలేదంటారు. అలాంటప్పుడు వాడికి నేర్పింది ఏంటి? గోల్ కొట్టినంత కాలం ఏమైనా చేయొచ్చని, కొట్టలేని రోజు ఎవరూ ఉండరని. పదహారేళ్ల పిల్లవాడికి అంతకంటే టెన్షన్ ఇంకేముంటుంది!

ఇంకొకటి, నవ్వు. 2011 అక్టోబర్‌లో మాంచెస్టర్ డెర్బీకి, అంటే ఒకే ఊరి జట్లయిన సిటీ, యునైటెడ్‌ల మ్యాచ్‌కు ముందు బలోటెల్లి ఇంట్లో బాణసంచా పేలి బాత్‌రూమ్ తగలబడింది. 23న యునైటెడ్ మీద 6-1తో గెలిచిన మ్యాచ్‌లో మొదటి రెండు గోల్స్ అతనివే, తొలి గోల్ కొట్టగానే షర్ట్ పైకెత్తి లోపలి బనీను చూపించాడు. 'వై ఆల్వేస్ మీ?' అని దాని మీద రాసుంది, ఎప్పుడూ నేనే ఎందుకు అని. లోకమంతా పగలబడి నవ్వింది. అది 21 ఏళ్ల కుర్రాడు నిజంగా అడిగిన ప్రశ్న కూడా అయి ఉండొచ్చని అప్పుడు ఎంతమందికి తోచింది? అంతకు రెండేళ్ల ముందు, 2009లో, యువెంటస్ అభిమానులు అతని రంగును తిడుతూ పాటలు పాడితే, ఆ క్లబ్ ఒక మ్యాచ్ ఖాళీ స్టేడియంలో ఆడాల్సి వచ్చింది. 2019 నవంబర్‌లో వెరోనాలో స్టాండ్‌లోంచి మళ్లీ కోతి అరుపులు వినిపిస్తే బంతిని చేత్తో పట్టుకుని అటువైపే తన్నాడు. పదేళ్లు గడిచినా అదే తిట్టు. కోపం ఎక్కణ్నుంచి వచ్చిందని అడగకుండా కోపాన్ని మాత్రమే బొమ్మ కట్టి చూపించాయి పేపర్లు, టీవీలు. ఈ విషయంలో మేమూ వేలెత్తి చూపే స్థితిలో లేం. జిల్లా టోర్నీలో ఎవరు ఎవరిని తోశారన్న ఫొటోకు ఇచ్చే జాగా, 60 నిమిషాలు చక్కగా ఆడిన మిడ్‌ఫీల్డర్‌కు మేమెప్పుడూ ఇవ్వలేదు. ఇకమీదట ఇస్తాం.

బలోటెల్లి అసలు మారలేడా అంటే, ఫ్రాన్స్‌లోని నీస్ క్లబ్ చూడండి. నిదానస్థుడైన లూసియన్ ఫావ్ర్ కోచ్‌గా ఉన్న రెండు సీజన్లలో లీగ్‌లో 15, 18 గోల్స్ కొట్టాడు. కోచ్ మారాడు, మూడో సీజన్‌లో పది మ్యాచ్‌లాడి ఒక్క గోల్ కూడా కొట్టకుండా వెళ్లిపోయాడు. కాళ్లు అవే, మనిషీ అతనే.

కోచ్ అంటే ఎలా ఉండాలో తెలుసుకోవడానికి మనం యూరప్ దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్ రహీం సాబ్, సయ్యద్ అబ్దుల్ రహీం, స్వతహాగా టీచరు. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు ఫుట్‌బాల్ బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన శిక్షణలోనే వచ్చాయి. డ్రిబ్లింగ్ చేయకూడని మ్యాచ్‌లు, బలం లేని కాలితోనే ఆడాల్సిన టోర్నీలు పెట్టేవారు. డ్రిబ్లింగ్ చేసి నలుగుర్ని దాటే మొనగాడు కూడా అక్కడ పక్కవాడికి బంతి ఇవ్వాల్సిందే. అలా ఆటలోనే అణకువ నేర్పారు. ఆయన చేతుల్లో తయారైన తులసీదాస్ బలరాం మన సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లవాడే, రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టినవాడు.

పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వచ్చిన దీప్తి జీవాంజిది కోపం కథ కాదు, ఊళ్లో మాటలు పడ్డ కథ. అయినా ఇక్కడ చెప్పాలి. కోచ్ నాగపురి రమేశ్ ఆమె పరుగు చూసి గుర్తుపట్టి వదలకుండా పట్టుకున్నారు కాబట్టే 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం మన జిల్లాకు వచ్చింది. ఫుట్‌బాల్‌లోనే చూడాలంటే నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ దాకా వెళ్లింది. మన నేలలో ఆట లేకపోలేదు.

పీఈటీ సార్ల కష్టం మాకు తెలుసు. ఆ పోస్టే లేని బళ్లున్నాయి, ఉన్నచోట కూడా ఆటల పీరియడ్‌ను లెక్కల సారు తీసుకుంటాడు, బంతికి గాలి కొట్టించే డబ్బులు కూడా ఒక్కోసారి సార్ల జేబులోంచే పోతాయి. అయినా అడుగుతున్నాం. ముక్కు మీద కోపం ఉన్న పిలగాడు తప్పు చేస్తే శిక్ష వేయండి, అది ఫైనల్ అయినా సరే బెంచ్ మీద కూర్చోబెట్టండి, పదిహేనో నంబర్ ఆటగాడికి ఏ శిక్షో వాడికీ అదే. కానీ మ్యాచ్ ఆపండి, ప్రాక్టీస్ ఆపకండి. మర్నాడు పొద్దున ఆరింటికి వాడు గ్రౌండులో ఉండాలి, లేకపోతే మీరే ఫోన్ చేయాలి. తిట్టాల్సింది ఉంటే పక్కకు తీసుకెళ్లి తిట్టండి. అమ్మానాన్నలకు ఒక మాట, ఇంట్లో ఏదైనా ఇబ్బంది ఉంటే సారుకు చెప్పండి, నామోషీ పడకండి. ఇక గట్టు మీద కూర్చుని "వాణ్ని కొట్టురా, చూస్తవేంది" అని ఎగదోసే అన్నలు, ఆ పిలగాడికి రెడ్ కార్డు పడ్డాక మీరు ఇంటికి వెళ్లి అన్నం తింటారు, వాడు తినడు.

వేసవి శిక్షణ శిబిరాలు వచ్చినప్పుడు హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం (జేఎన్‌ఎస్)లో, మండలాల్లో మళ్లీ పేర్లు రాసుకుంటారు. కొత్త పేర్లు రాసే ముందు పోయినేటి రిజిస్టర్ ఒకసారి తీయండి. మొదటి వారమంతా వచ్చి, తర్వాత హాజరు ఖాళీగా ఉన్న పేర్లు కొన్ని కనబడతాయి. అందులో ఒకరిద్దరి ఇల్లు ఎక్కడో మీకు తెలిసే ఉంటుంది.