ఆట గంటల లెక్కగారికి ఒక మనవి

మహారాజశ్రీ ఆట గంటల లెక్కగారికి,

నమస్కారములు. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం వేరే అడగనక్కరలేదు. కంప్యూటర్ ఆటలు అమ్మే దుకాణం స్టీమ్ తెరిచిన ప్రతిసారీ ఆట బొమ్మ కింద, ఆడిన సమయం చూపించే చోట, తమరు నిక్షేపంగా పెరుగుతూనే ఉన్నారు. మా నడుములు, మెడలు, కళ్లజోళ్ల పవర్లు ఏమైపోతున్నా తమరికి మాత్రం ఏ లోటూ లేదు.

గేమర్లు, అంటే వీడియో ఆటలు ఆడేవాళ్లు, నలుగురు కలిస్తే "బాగున్నారా" తర్వాత వచ్చే మొదటి మాట "ఇప్పుడు ఏ ఆట ఆడుతున్నారు?" అన్నదే. అడిగేవాడికి నిజం తేల్చుకోవాలన్న పట్టుదల ఉండదు, చెప్పేవాడికి నిజమే చెప్పాలన్న బాధ్యతా ఉండదు. అదొక మర్యాద. ఒకాయన ఎల్డెన్ రింగ్ అంటాడు. ఇంకొకాయన బాల్డర్స్ గేట్ 3 అంటాడు. మూడో ఆయన "ఈ మధ్య కథ బాగున్నవే ఆడుతున్నానండీ" అని నిట్టూరుస్తాడు. అందరం తలలూపుతాం, ఒకరి అభిరుచిని ఒకరం మెచ్చుకుంటాం. సరిగ్గా అప్పుడే ఎవరో పనిలేనివాడు మిత్రుల ప్రొఫైళ్లు తెరుస్తాడు. అక్కడ తమరు కూర్చుని ఉంటారు, గంటలతో, గంటలో పదో వంతుతో సహా.

డాలస్‌లో ఉన్న మా అన్నయ్య ఉదంతం మనవి చేసుకుంటాను. 2022 ఫిబ్రవరిలో ఎల్డెన్ రింగ్ విడుదల కాగానే కొన్నాడు. అప్పటి నుంచి ఎవరడిగినా అదే ఆడుతున్నానంటాడు. ఆ ఆటలో మొదటి గుహ దాటి వెలుతురులోకి వచ్చామో లేదో, బంగారు కవచం తొడుక్కుని గుర్రం మీద పహరా తిరిగే ట్రీ సెంటినల్ ఎదురవుతాడు. వాడి జోలికి పోకుండా పక్కనుంచి జారుకుని, బలం పుంజుకున్నాక తీరిగ్గా వచ్చి లెక్క తేల్చుకోవాలని చాలామందికి రెండు చావులు చచ్చేసరికి అర్థమవుతుంది. మా అన్నయ్యకు పౌరుషం ఎక్కువ. వాడితోనే మొదలుపెట్టాడు, వాడితోనే ఆపాడు. తమరి ఖాతాలో ఆ ఆట ఎదురుగా 1.9 గంటలని ఉంది. కొని పద్నాలుగు రోజులు దాటకుండా, ఆడింది రెండు గంటలు మించకుండా ఉంటే డబ్బు వాపసు అడగవచ్చన్నది స్టీమ్ నిబంధన. అంటే సరిగ్గా ఆ గట్టు మీద నిలబడి ఆయన ఆలోచించాడన్నమాట. వాపసు తీసుకుంటే డబ్బు మిగులుతుంది, ఆడుతున్నానని చెప్పుకునే హక్కు పోతుంది. హక్కే ఉంచుకున్నాడు.

దాని కిందనే యూరో ట్రక్ సిమ్యులేటర్ 2. 2012 నాటి ఆట. గంటలు నాలుగంకెలు. పగలంతా డాలస్ రోడ్ల మీద కారు నడిపి, ఇంటికి వచ్చి అన్నం తిని, రాటర్‌డ్యామ్ నుంచి ప్రేగ్‌కు సరుకు లారీ తోలతాడు. ఎర్రదీపం దాటితే ఆటలోనూ జరిమానా పడుతుంది. పార్కింగుకు రెండు డాలర్లు కట్టమంటే చిర్రెత్తే మనిషి, అక్కడ యూరోల్లో జరిమానా కట్టి "దేశమంటే అలా ఉండాలి" అంటాడు. చేరిన చోట ట్రెయిలర్‌ను వెనక్కు నడిపి గీతల మధ్య నిలబెట్టాలి. చేతకాదంటే ఆ పని వదిలేయవచ్చు, ఎవరూ ఏమీ అనరు. కష్టమైన చోటు ఎంచుకుంటే మాత్రం పాయింట్లు కొన్ని ఎక్కువ వస్తాయి. మా అన్నయ్య ఎప్పుడూ కష్టమైనదే ఎంచుకుంటాడు. స్టీరింగు ఎడమకు తిప్పితే వెనక ట్రెయిలర్ కుడికి పోతుంది. పక్క అద్దంలో చూసుకుంటూ కొంచెం వెనక్కు, కొంచెం ముందుకు, దిగి చూసే వీలు లేదు కనుక మెడ సాచి మానిటర్‌లోకి తొంగిచూస్తూ మళ్లీ వెనక్కు. లారీ చదరంలో కుదురుకుని గుర్తు పచ్చగా మారిన క్షణంలో ఆయన ముఖంలో కనిపించే తృప్తి పెళ్లినాడు కూడా చూడలేదని మా వదినగారే అంటారు. ఇంత నైపుణ్యం గురించి ఆయన ఏనాడూ నోరు విప్పలేదు. లారీ ఆట ఆడుతున్నానని చెప్పుకోవడం నామోషీ. ఆ మాట బయటపెట్టింది తమరు.

వదినగారి ప్రస్తావన వచ్చింది కనుక ఇది కూడా వినండి. "నాకు ఆటలూ గీటలూ రావు" అంటారావిడ. మా సభలో ఆవిడను ఆ ప్రశ్న ఎవరూ అడగరు కూడా. గేమర్లంటే ఎవరన్నది మగవాళ్లు చేరి ఎప్పుడో తీర్మానించుకున్నారు. క్యాండీ క్రష్‌లో ఆవిడ వేలల్లో ఉన్న ఏదో లెవెల్ మీద ఉన్నారు. మాలో ఏ ఒక్కడూ ఏ ఒక్క ఆటలోనూ అంత దూరం పోలేదు. ఆ కంపెనీ వాళ్ల తెలివి చూశారా? ఎన్నో లెవెల్లో ఉన్నారన్నది ఊరంతా కనపడేలా పెడతారు, దానికి ఎన్ని గంటలు పట్టాయన్నది ఎత్తరు. తమరిని అక్కడ ఉద్యోగంలో పెట్టుకోకపోవడానికి కారణం ఉంది.

మియాపూర్ మిత్రుడిది మరో కథ. బాల్డర్స్ గేట్ 3లో వంద గంటలు దాటాడు కనుక తమరు కూడా ఆయనకు సాక్షి చెప్పారు. అయితే ఆ వంద గంటలూ ఎక్కడ గడిచాయో తమరు రాయలేదు. ఆటలో తన పాత్రకు కొమ్ములు ఉండాలా వద్దా, కళ్లు ఏ రంగు, గొంతు ఏది, మాంత్రికుడు మేలా యోధుడు మేలా అని తేల్చుకోవడానికి ఒక రాత్రి. తెల్లారి ముక్కు నచ్చక మళ్లీ మొదటి నుంచి. ఆయన ఒక్కడే అనుకునేరు. 2023 ఆగస్టులో ఆట విడుదలైన తొలి వారాంతంలో ఆటగాళ్లంతా కలిసి పాత్రలను తీర్చిదిద్దుకోవడానికే 88 ఏళ్లు వెచ్చించారని తయారుచేసిన లారియన్ సంస్థే లెక్క చెప్పింది. మా మిత్రుడు తన వంతు ఇంకా చెల్లిస్తూనే ఉన్నాడు. మొదటి అంకంలోని ఊళ్లన్నీ ఆయనకు కొట్టినపిండి. రెండో అంకం ఉందని విన్నాడు.

రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఆడుతున్నానని చెప్పే ఆయన ఇంకా మొదట్లో వచ్చే మంచు కొండల్లోనే ఉన్నాడు. కంప్యూటర్లో 150 జీబీ జాగా ఖాళీ చేయడానికి పెళ్లి వీడియోలు తుడిచేశాడట. మంచు కరిగే లోపు భార్యకు ఆ సంగతి తెలిసింది. అక్కడితో సరి.

ఎక్స్‌పెడిషన్ 33 కథ చెప్పి మా అందరినీ కంటతడి పెట్టించిన కుర్రాడొకడున్నాడు. తమరి పుస్తకంలో వాడి పేరున ఆ ఆటే లేదు. మొత్తం యూట్యూబ్‌లో చూశాడు, ఎవరో ఆడుతుంటే. నాకైతే ఇందులో తప్పేమీ కనపడదు. ఆడినవాళ్ల కంటే వాడికే కథ బాగా గుర్తుంది.

గచ్చిబౌలి పెద్దమనిషికి ఫోను ఆటలంటే చులకన. ది విచర్ 3 పేరు తప్ప ఇంకో పేరు ఆయన నోట రాదు. ఒకసారి మాటల్లో పబ్‌జీ మొబైల్‌ను మన దేశంలో ఎప్పుడు నిషేధించారన్న ప్రశ్న వచ్చింది. 2020 సెప్టెంబరు 2 అన్నాడు తడుముకోకుండా. 2021 జులైలో బీజీఎంఐ పేరుతో తిరిగి వచ్చిందని, 2022 జులైలో ప్లే స్టోరు నుంచి మళ్లీ మాయమైందని, 2023 మేలో ప్రత్యక్షమైందని వరసగా అప్పజెప్పాడు. మేం మాట్లాడకుండా చూస్తుంటే "పేపర్లో చదివాను" అన్నాడు. తమరికి తమ్ముడో, పినతండ్రి కొడుకో ఒకడు ఆయన ఫోనులో స్క్రీన్ టైమ్ పేరుతో ఉద్యోగం వెలగబెడుతున్నాడు. ఆయన దాన్ని ఎవరికీ చూపించడు.

వీళ్లందరిలోకి నాకు ముద్దొచ్చేవాడు విజయవాడ మిత్రుడు. అతడు ఆడేది బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా, అదీ ఫోనులోనే. ఆ ఆటలో బస్సుకు మనకు కావలసిన రంగులు వేసుకోవచ్చు. మనవాళ్లు కొందరు ఓపిగ్గా కూర్చుని ఆర్టీసీ బస్సుల రంగులు, అక్షరాలు, ముందు అద్దం మీది బోర్డుతో సహా తయారుచేసి పంచిపెట్టారు. అతడు ఆర్టీసీ సూపర్ లగ్జరీని తీసుకుని జావా ద్వీపం రోడ్ల మీద, టోల్ గేట్ల మధ్య, కొబ్బరి చెట్ల పక్కనుంచి నడుపుతుంటాడు. బోర్డు మీద విజయవాడ అని ఉంటుంది, బయట ఇండోనేషియా. ప్రయాణికులకు అభ్యంతరం లేదు. ఏ ఆట ఆడుతున్నావంటే మాత్రం అతడు కూడా ఎల్డెన్ రింగే అంటాడు. అది నడిచే కంప్యూటర్ అతడి దగ్గర లేదని మా అందరికీ తెలుసు.

1984లో ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం ఊళ్లలో కరణాల ఉద్యోగాలు రద్దు చేసింది. అప్పుడు ఖాళీ అయిన ఆ బల్ల ముందు తమరు చేరారని నా అనుమానం. కరణంగారి పహాణీలో పట్టాదారు గడి వేరు, అనుభవదారు గడి వేరు. పొలం ఎవరిదన్నది ఒకటి, దున్నుకుంటున్నది ఎవరన్నది ఇంకొకటి. మా లైబ్రరీలూ, అంటే మేం కొన్న ఆటల చిట్టాలూ, అంతే. వేసవి సేల్లో, శీతాకాలం సేల్లో, సగానికి సగం ధర అనగానే పట్టాలు పుట్టించుకుంటాం. వందల పేర్లు. అందులో సాగవుతున్నది ఒకటో రెండో, మిగతాదంతా బీడు. మా ఊరి వాళ్ల సోమరితనం అనుకోవద్దు; 2024 సంవత్సరానికి స్టీమ్ స్వయంగా ప్రకటించిన లెక్కలో, సగం మంది ఆ ఏడాది మొత్తంలో ఆడినవి నాలుగు ఆటలకు మించలేదు. ఆడిన సమయంలో ఆ ఏడాది వచ్చిన కొత్త ఆటలకు దక్కింది 15 శాతం. ఎనిమిదేళ్లు, అంతకు మించి పాతబడ్డ ఆటలకు 37 శాతం. ప్రపంచమంతా కొత్త ఆట పేరు చెప్పి పాత ఆట తెరుస్తోంది. మా అన్నయ్య ఒక్కడి మీదే ఈ విచారణ ఎందుకు?

పోనీ తమరి లెక్క అయినా సరైనదా? ఆట తెరిచి ఆపి, కుక్కర్ మూడు విజిళ్లు వచ్చేదాకా వంటింట్లో నిలబడితే అదీ ఆడినట్టే రాస్తారు. ఆట మధ్యలో కుర్చీలోనే గుర్రుపెట్టి నిద్రపోయినవాడికి తెల్లారేసరికి ఏడు గంటలు జమ చేస్తారు. అదే సమయంలో మేం నిజంగా ఆడిన కాలం తమరి పుస్తకంలో ఒక్క నిమిషం కూడా లేదు. నెట్ సెంటర్ల కాలం సంగతి చెబుతున్నాను. 2000 సంవత్సరం చివర్లో వచ్చిన ప్రాజెక్ట్ ఐజీఐ ఆట జ్ఞాపకం ఉన్నవాళ్లకు ఆ బాధ తెలుసు. మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదు. కంచె కత్తిరించి, కెమెరాలు ఆపి, అందరినీ దాటుకుని చివరి గుమ్మం దగ్గర చస్తే మళ్లీ కంచె దగ్గరికే. పక్క కుర్రాడు జీటీఏ వైస్ సిటీలో మిషన్ల జోలికే పోకుండా కీబోర్డు మీద 'పాంజర్' అని కొట్టి యుద్ధ ట్యాంకు దింపేవాడు. గంట అయిపోయిందని కౌంటర్ దగ్గరి నుంచి యజమాని కేక వేసేవాడు. అప్పట్లో ఏ ఆట ఆడుతున్నావని అడిగినవాడు లేడు. డబ్బులు లేని నలుగురు మన కుర్చీ వెనకే నిలబడి, "ఎడమ పక్క ఉన్నాడు, కొట్టు, కొట్టు" అని చెబుతూ ఉండేవాళ్లు. ఎవరి దగ్గరా ఏదీ దాచే వీలు ఉండేది కాదు, దాచాలని కూడా తోచేది కాదు.

అందుకని తమరిని రాజీనామా చేయమనడం లేదు. నింటెండో స్విచ్ అనే ఆటల యంత్రంలో ఉండే తమరి సహోద్యోగిని చూసి కాస్త నేర్చుకోమంటున్నాను. ఆట మొదలుపెట్టాక సుమారు పది రోజుల దాకా ఆయన గంటల ఊసే ఎత్తడు. ఆ తర్వాత కూడా 5 గంటలు లేదా అంతకంటే ఎక్కువ, 10 గంటలు లేదా అంతకంటే ఎక్కువ అని అయిదేసి చొప్పున చెబుతాడు. ఎంత సంస్కారం! తమరేమో పదో వంతు గంటను కూడా వదలరు. ఫలానా ఆటను ఎవరికీ కనపడకుండా దాచుకునే సదుపాయం స్టీమ్‌లో ఉంది కదా అని తమరు అనవచ్చు. ఉంది. మనుషులు ఎలాంటి ఆటలను అందులో దాచుకుంటారో లోకమంతటికీ తెలుసు. మా అన్నయ్య రహస్యంగా ఏదో ఆడుతున్నాడని వదినగారికి తెలిసి, అది లారీ ఆట అని ఆయన చెబితే, నమ్ముతారా?

దయచేసి తమరు ఆ నాలుగంకెల దగ్గరే ఇంకో గడి తెరిచి, ట్రెయిలర్‌ను గీతల మధ్య ఎన్నిసార్లు నిలబెట్టాడో కూడా రాయండి. అదైనా చూసి ఆయన మా సభలో నోరు తెరిచి చెప్పుకుంటాడేమో. విజయవాడ మిత్రుడి బస్సు జావాలో ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగిందో కూడా ఎక్కడైనా రాసే ఏర్పాటు ఉంటే చూడగలరు.

ఇట్లు,
తమరి పుస్తకంలో బీడు భూములు చాలా ఉన్న ఒక పట్టాదారు

తా.క.: జీటీఏ 6ను 2026 నవంబరు 19న విడుదల చేస్తామని తయారుచేసే రాక్‌స్టార్ సంస్థ ప్రకటించింది. అదీ ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లకే, అంటే ఆటల యంత్రాలకే. కంప్యూటర్‌కు ఎప్పుడన్నది ఆ ప్రకటనలో లేదు. అంటే స్టీమ్‌లో ఉన్న తమరి చేతికి అది వెంటనే చిక్కదు. ఆ రోజు మా సభలో ఏ ఆట ఆడుతున్నారని అడిగితే అందరం ఒకే పేరు చెబుతాం. కన్సోల్ ఉన్నవాళ్లు మాలో ఒక్కరే. తమరు ఆ వారం సెలవు పెట్టుకోగలరు.