అరపూట శిక్షాస్మృతి

మన కోర్టుల్లో కేసులు తాతల నాటి నుంచి మనవల నాటి దాకా నలుగుతాయని వాపోయేవాళ్లు అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌ల దర్బారు గురించి తెలుసుకోవాలి. (అక్కడి ఫుట్‌బాల్ కాలితో తన్నేది కాదు, చంకన పెట్టుకుని పరిగెత్తేది.) నేరం, విచారణ, శిక్ష, పరివర్తన... అన్నీ హాఫ్‌టైమ్ లోపు తేలిపోతాయి.

అతిశయోక్తి కాదు. 2013లో టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ (జట్టులో బంతి విసిరే ప్రధాన ఆటగాడు) జానీ మాన్‌జెల్ ఆటోగ్రాఫులు అమ్ముకున్నాడని ఆరోపణ వచ్చింది. కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవడం అప్పట్లో నేరం. డబ్బు పుచ్చుకున్నట్టు సాక్ష్యం దొరకలేదు. అయినా ధర్మం ఊరుకుంటుందా? సీజన్ తొలి మ్యాచ్‌లో, అదీ రైస్ యూనివర్సిటీ మీద, మొదటి సగం కూర్చోబెట్టారు. రెండో సగంలో దిగిన కుర్రాడు మూడు టచ్‌డౌన్లు (మన గోల్స్ లాంటివి) విసిరి, ఎదుటి జట్టు వైపు తిరిగి వేళ్లు రాపాడించి నోట్లు లెక్కబెడుతున్నట్టు సైగ చేశాడు. పశ్చాత్తాపం అంటే అలా ఉండాలి.

ఈ శాస్త్రానికి మూలసూత్రం ఒకటుంది. ఎదుటి జట్టు ఎంత బలహీనమైతే మనవాడి నేరం అంత ఘోరం. 2010 డిసెంబరులో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ఆటగాళ్లు అయిదుగురు తమకు బహుమతిగా వచ్చిన ఉంగరాలూ జెర్సీలూ అమ్ముకున్నారనీ, చవగ్గా పచ్చబొట్లు పొడిపించుకున్నారనీ బయటపడింది. అయిదేసి మ్యాచ్‌ల సస్పెన్షన్ వేశారు. ఎప్పటినుంచి? వచ్చే సీజన్ నుంచి! ఆ జనవరిలోనే షుగర్ బౌల్ అనే పెద్ద మ్యాచ్ ఉంది మరి. నిబంధనల గురించి పిల్లలకు సరిగ్గా చెప్పలేదట, అందుకని ఆడనిచ్చారు. ఆర్కన్సా మీద 31-26తో గెలిచారు. ఆఖరి నిమిషంలో బంతిని అడ్డంగా పట్టేసి గెలుపు ఖాయం చేసింది ఎవరనుకున్నారు? ఆ అయిదుగురిలో ఒకడే. విషయం ముందే తెలిసీ దాచాడని తేలాక కోచ్ జిమ్ ట్రెసెల్ రాజీనామా చేశాడు, ఆ సీజన్ గెలుపులన్నీ రికార్డుల్లోంచి చెరిపేశారు. చూసినవాళ్ల కళ్లలోంచి ఎలా చెరుపుతారో నిబంధనల పుస్తకంలో రాయలేదు.

నాకు బాగా నచ్చిన తీర్పు మాత్రం పీతల కేసు. 2014లో ఫ్లోరిడా స్టేట్ క్వార్టర్‌బ్యాక్ జేమిస్ విన్‌స్టన్ ఓ సూపర్‌మార్కెట్ నుంచి 32 డాలర్ల 72 సెంట్ల పీత కాళ్లు పట్టుకుని, డబ్బు కట్టకుండా నడిచొచ్చేశాడు. మర్చిపోయానన్నాడు. అతను బేస్‌బాల్ కూడా ఆడతాడు. కాబట్టి బేస్‌బాల్ నుంచి కొద్ది రోజులు సస్పెండ్ చేసి, సమాజసేవ చేయించారు. ఫుట్‌బాల్ సీజన్ ఎలాగూ చాలా దూరంలో ఉంది. వడ్డించేవాడు మనవాడైతే పీతలైనా ఒకటే, పప్పైనా ఒకటే.

అదే దేశంలో 2025 ఏప్రిల్‌లో విదేశీ విద్యార్థులు అక్కడ ఉండి చదువుకోవడానికి ఆధారమైన రికార్డులు వేల సంఖ్యలో రద్దు చేశారు. కొందరి మీద ఉన్నది ట్రాఫిక్ టికెట్టూ, కోర్టు ఎప్పుడో కొట్టేసిన కేసూ. కోర్టులు అడ్డుకున్నాకే తిరిగి ఇచ్చారు. ఎమ్మెస్ చదివే మన పిల్లలు నేర్చుకోవాల్సింది కోడింగ్ కాదు, టచ్‌డౌన్ పాస్ విసరడం.

2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు. అంటే మాన్‌జెల్ మీద మోపిన నేరం ఇప్పుడు నేరమే కాదు, దానికి ఏజెంట్లు కూడా ఉన్నారు.

పచ్చబొట్లూ పీతలూ నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి. బేలర్ యూనివర్సిటీలో నవ్వడానికేమీ లేదు. అక్కడి ఆటగాడొకడికి అత్యాచారం కేసులో 2014లో 20 ఏళ్ల జైలు పడింది. యూనివర్సిటీ వేయించిన విచారణలో, అమ్మాయిల ఫిర్యాదులను ఏళ్ల తరబడి పట్టించుకోలేదని 2016లో తేలింది. అప్పుడు యూనివర్సిటీ అధ్యక్షుడి కుర్చీలో ఉన్నది కెన్ స్టార్, బిల్ క్లింటన్ ఆంతరంగిక వ్యవహారాన్ని కూపీ లాగి దేశానికి వివరంగా వినిపించిన పెద్దమనిషి. పక్క మైదానంలో ఏం జరుగుతోందో ఆయన చెవిన పడలేదు. ఆయన్ను పదవి నుంచి తప్పించారు. కోచ్ ఆర్ట్ బ్రైల్స్‌ని తీసేశారు, పోతూ పోతూ ఆయన చేతిలో కోటిన్నర డాలర్లు పెట్టి పంపారు.