ఆలు లేదు, చూలు లేదు, దేవుడి పేరు ఉల్మో

ఉల్మో అనే జలదేవుడి పేరు ఏ ధాతువు నుంచి పుట్టిందన్నది ఇంకా నాన్చకుండా తేల్చాల్సిన విషయం. ఆ దేవుడే లేడు కదా, ఆయన్ని కొలిచిన జాతి లేదు కదా, వాళ్లు మాట్లాడిన భాష లేదు కదా అని అడ్డుపడేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. లేనివాటి మీద పరిశోధన కూడదంటే లోకంలో ఎన్ని పీహెచ్‌డీలు మిగులుతాయో వాళ్లు ఆలోచించినట్టు లేదు. అభ్యంతరం కొట్టివేయడమైనది. పనిలోకి దిగుదాం.

ముందు ఈ దేవుణ్ని కల్పించిన కర్త సంగతి. ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ రాసిన టోల్కిన్ (1892–1973) ఆక్స్‌ఫర్డ్‌లో ఆంగ్లో-శాక్సన్ భాషకు ఆచార్యుడు. మామూలు రచయితలు కథ రాసుకుని, అవసరమైతే అందులో నాలుగు వింత మాటలు ఇరికిస్తారు. ఈయన ముందు భాషలు కట్టాడు. ఫిన్నిష్ మీద మోజుతో క్వెన్యా, వెల్ష్ మీద మోజుతో సిందారిన్. తర్వాత వాటిని మాట్లాడటానికి నోళ్లు కావాలి కనక ఎల్ఫులు అనే చావులేని జాతిని పుట్టించాడు. వాళ్లకు దేవతలు కావాలి కనక వాలార్లను పుట్టించాడు. ఆ వాలార్లలో సముద్రాలకూ నదులకూ ఊటలకూ అధిపతి మన ఉల్మో. ఒంటరి మనిషి. అంటే, ఒంటరి దేవుడు. నేల మీద నడవడం ఇష్టం ఉండదు, దేవతల సభలకు పిలిచినా అరుదుగా తప్ప రాడు. ఈ గైర్హాజరీ ముందు ముందు మనకు పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

1930ల చివర్లో టోల్కిన్ తన ఎల్ఫు భాషలకు ఒక ధాతుపాఠం రాసుకున్నాడు. అందులో ‘ఉలు’ అనే ధాతువుకు పోయు, ప్రవహించు అని అర్థం. దాని నుంచి ‘ఉల్యా’ అంటే పోయడం, ‘ఉలుందే’ అంటే వరద. దీనికి ‘మో’ అనే కర్తను చెప్పే ప్రత్యయం చేర్చండి. ‘కిర్యా’ అంటే ఓడ అయితే ‘కిర్యామో’ అంటే నావికుడు అయినట్టే, ‘ఉల్మో’ అంటే పోసేవాడు. అతుకు కూడా కనపడదు. అదే ధాతుపాఠంలో ‘ఉలుందో’ అని ఇంకో మాట ఉంది, వికృతాకారపు రాక్షసి అని అర్థం. చివరి అచ్చు దగ్గర నాలుక కాస్త తడబడితే వరద కాస్తా రాక్షసి అయిపోతుంది. వరదలో కొట్టుకుపోతున్నవాడికి ఈ తేడా పెద్దగా పట్టకపోవచ్చు గానీ, నిఘంటుకారుడికి మాత్రం అవి వేరు ధాతువులు, వేరు పద్దులు. కలిపితే ఊరుకోడు.

ఇంతటితో వ్యాసం ముగించి ఎవరి దారిన వాళ్లం పోవచ్చు. కానీ 1959–60 ప్రాంతంలో ఆచార్యులవారు ఎల్ఫు జాతుల పేర్ల మీద ఒక సుదీర్ఘ వ్యాసం రాసుకున్నారు. అచ్చు కావడానికి 1994 దాకా పట్టింది. దాని ప్రకారం అసలు సంగతి వేరు. వాలార్లకు సొంత భాష ఒకటుంది. ఒళ్లే అవసరం లేని దేవతలకు భాష ఎందుకంటే, ఒళ్లు ధరించాక నోరు కూడా వచ్చింది కనక. ఆ దైవభాషలో మన దేవుడి పేరు ‘ఉల్లుబోజ్’. అందులోని ‘ఉల్లు’కు నీరని అర్థం. ఎల్ఫులకు ఆ పేరు నోరు తిరగలేదు. క్వెన్యాలో బకారం సాధారణంగా ముందు మకారం తోడు లేకుండా నిలబడదు, జకారమైతే ఏనాడో రేఫగా, అంటే రకారంగా, మారిపోయింది. కాబట్టి ‘బోజ్’ ఊడి ‘మో’ తగిలింది. మన వ్యాకరణంలో అయితే అన్యదేశ్యం, అంటే పరభాష నుంచి వచ్చిన మాట, అని రాసి పక్కన పెట్టేసేవాళ్లం.

ఎల్ఫులను తప్పుపట్టలేం. ఆ భాష ఎలాంటిదో చూడండి. వాళ్లు టెల్పెరియాన్ అని ముద్దుగా పిలుచుకునే వెండి వృక్షానికి దైవభాషలో పేరు ‘ఇబ్రీనిధిల్పథానెజెల్’. రూమిల్ అనే ఎల్ఫు పండితుడు ఈ భాష వింటుంటే కత్తులు తళుక్కుమన్నట్టూ, కొండల్లో రాళ్లు దొర్లినట్టూ ఉంటుందని మర్యాదగా చెప్పాడు. పెంగొలోధ్ అనే ఇంకో పండితుడు అంత మర్యాద పాటించకుండా, మా చెవులకు ఇంపుగా లేదని తేల్చేశాడు. దేవభాష చెవికి ఇంపుగా లేదని రాతపూర్వకంగా ఫిర్యాదు చేసిన భక్తులు మరెక్కడా ఉన్నట్టు లేదు.

మరి ‘పోసేవాడు’ ఏమైనట్టు? ఇక్కడే ఆచార్యుడి ప్రతిభకు సాష్టాంగపడాలి. ఆ అర్థం తప్పని ఆయన కొట్టెయ్యలేదు. పేరు దైవభాష నుంచి వచ్చినా, తమ భాషలో ‘ఉలు’ ధాతువు సిద్ధంగా ఉంది కదా అని ఎల్ఫులే అలా అర్థం చెప్పుకున్నారని రాశాడు. అంటే ఇరవై ఏళ్ల కింద తాను నిజమని రాసుకున్న వ్యుత్పత్తి, ఇప్పుడు ఎల్ఫుల అపోహ. లోకంలో ఏ పండితుడైనా పాత అభిప్రాయాన్ని మార్చుకోవాలంటే ముందుమాటలో నాలుగు వాక్యాలు నసగాలి. ఈయన నసగలేదు. తన పాత సిద్ధాంతాన్ని ఒక జాతి మొత్తానికి అంటగట్టి చేతులు దులుపుకున్నాడు. ఆ జాతి ఎదురుతిరిగి అడగలేదు, లేదు కనక. ఈ సౌకర్యం మిగతా పండితులకు కూడా కల్పించాలని సంబంధిత అధికారులకు మనవి.

ఇంతకన్నా తీవ్రమైన విషయం ఒకటుంది. ఎల్ఫులకు చావు లేదు. ఉల్మోకూ లేదు. వ్యుత్పత్తి తేల్చడానికి శాసనాలు తవ్వక్కర్లేదు, తాళపత్రాలు వెతకక్కర్లేదు. ఏ తీరానికో వెళ్లి, “స్వామీ, తమ పేరుకు అర్థమేమిటి?” అని ఒక్క ముక్క అడిగితే సరిపోయేది. యుగాల తరబడి ఒక్కరూ అడిగినట్టు లేదు. ఆయన పర్వతమంత అల రూపంలో, నురుగు శిఖతో నల్లటి శిరస్త్రాణం పెట్టుకుని పైకి లేస్తాడనుకోండి, ఆ క్షణంలో ప్రత్యయాల గురించి అడగడం ఎవరికైనా కష్టమే. అయినా అసలు కారణం భయం కాదని నా అనుమానం. ఆయన్ని అడిగితే జవాబు ఒకటే వస్తుంది. అడక్కపోతే ఎన్నైనా చెప్పుకోవచ్చు. పండితుడికి బతికున్న సాక్షి అంత అడ్డం మరొకటి లేదు.

నిజమైన దేవుళ్ల విషయంలో మనుషులు చేసింది మాత్రం ఇంతకన్నా గొప్పగా ఉందా? గ్రీకుల సముద్రదేవుడు పొసైడాన్ పేరు మీద ప్లేటో తన సంభాషణలో సోక్రటీసు చేత ఒకే ఊపులో మూడు అర్థాలు చెప్పించాడు: పాదాలకు బంధమైనవాడు, చాలా తెలిసినవాడు, కుదిపేవాడు. ఏది కావాలంటే అది తీసుకోవచ్చు. రోమన్ పండితుడు వారో, సముద్రం నేలను కప్పుతుంది కనక తమ సముద్రదేవుడు నెప్ట్యూన్ అన్నాడు. వేదాల్లోని మాటలకు వ్యుత్పత్తులు చెప్పిన మన యాస్కుడు, కప్పుతాడు కనక వరుణుడు అన్నాడు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినకుండానే కప్పడం దగ్గరికే చేరారు. నీళ్లు చూడగానే పండితులకు కప్పడమే తోస్తుందేమో. పైగా యాస్కుడు ఉద్యోగధర్మం కూడా నిర్మొహమాటంగా చెప్పి పెట్టాడు: అర్థం కుదరకపోతే ఒక అక్షరమో వర్ణమో కలిసినా చాలు, దాన్ని పట్టుకుని చెప్పు, అంతేగానీ చెప్పకుండా మాత్రం వదలకు. ఎల్ఫులు చేసింది అక్షరాలా ఇదే.

టోల్కిన్‌కు ఈ వృత్తిరహస్యం బయటి నుంచి తెలిసింది కాదు. 1919లో, యుద్ధం ముగిశాక, ఆయన ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువులో పనికి కుదిరాడు. ‘డబ్ల్యూ’ అక్షరం ఆయన వాటాకు వచ్చింది. మొదట్లో చేసిన మాటల్లో ‘వాటర్’ ఒకటి. పగలు నీటి మాట పుట్టుపూర్వోత్తరాలకు చీటీలు రాసి జీతం తీసుకున్న మనిషి, ఇంటికొచ్చి నీటి దేవుడి పేరుకు ఉచితంగా అదే సేవ చేశాడన్నమాట. అలవాట్లు కూడా అక్కడివే. ఏ గ్రంథంలోనూ దొరకని, ఊహించి కట్టిన ప్రాచీన రూపానికి ముందు భాషావేత్తలు నక్షత్రం గుర్తు పెడతారు, ‘ఇది మా ఊహ, సాక్ష్యం లేదు’ అని. టోల్కిన్ తన ప్రాచీన ఎల్ఫు రూపాలకు కూడా నక్షత్రాలు పెట్టాడు. మొత్తం భాషకే సాక్ష్యం ఆయనొక్కడు. అందులో కొన్ని మాటలకు సాక్ష్యం ఉందట, కొన్నిటికి లేదట! ఇంతటి నిజాయితీ నిజమైన భాషల వాళ్లకు కూడా అన్నివేళలా సాధ్యం కాదు.

పోటీ సిద్ధాంతాలను కూడా ప్రస్తావించకపోతే వ్యాసం ఏకపక్షమవుతుంది. లాటిన్‌లో ‘ఉల్ముస్’ అంటే ఎల్మ్ చెట్టు. చతుర్థీ విభక్తిలో అది అచ్చంగా ‘ఉల్మో’. కాబట్టి ఈ దేవుడు ‘ఎల్మ్ చెట్టు కొరకు’ అని ఎవరైనా వాదించవచ్చు. జర్మనీలో డాన్యూబ్ ఒడ్డున ఉల్మ్ నగరం ఉంది, ఒడ్డున నీళ్లున్నాయి, ఇంకేం కావాలి? ఇలాంటి ఆరాలంటే టోల్కిన్‌కు ఒళ్లు మంట. తన పేర్లకు బయటి భాషల్లో మూలాలు వెతికే పాఠకులను 1967 నాటి ఒక ఉత్తరం చిత్తుప్రతిలో ఓపిగ్గా, విస్తారంగా విసుక్కున్నాడు. అదే ఉత్తరంలో తన కథల్లోని ఎయరెండిల్ అనే పాత్ర పేరు మాత్రం పాత ఇంగ్లీషు పద్యం నుంచి తెచ్చుకున్నానని ఒప్పుకున్నాడు. ఒక్క తలుపు తెరిచి మిగతావి తట్టొద్దంటే ఎవరు వింటారు?

ఇప్పటికి తేలింది ఇది: పేరు దైవభాషది, అర్థం ఎల్ఫులది, తప్పు ఎవరిదో తెలియదు, కాపీరైటు ఆచార్యుడి వారసులది. తేలనిది ఒకటే మిగిలింది. ఆ ‘ఉల్లుబోజ్’ అనే మాట రాసేటప్పుడు టోల్కిన్ రెండో లకారాన్ని కుండలీకరణంలో పెట్టాడు. ఉండొచ్చు, ఉండకపోవచ్చునట. దేవుడు తన పేరును లావొత్తుతో పలికేవాడా, ఒత్తు లేకుండానా? దీని మీద మూడు రోజుల అంతర్జాతీయ సదస్సు తక్షణం జరగాలి. ప్రారంభోపన్యాసానికి ఉల్మోనే పిలవవచ్చు. సభలకు రాడు కనక ప్రయాణ ఖర్చులు కూడా కలిసొస్తాయి.